ఢిల్లీ చలిలో కుక్క నడక: ఎప్పుడు, ఎంతసేపు, ఎందుకు?

డిసెంబరు నెలాఖరు. ఉదయం ఆరు గంటలు. నోయిడాలోనో, ద్వారకలోనో ఒక అపార్ట్‌మెంట్ గేటు తెరుచుకుంటుంది. స్వెటరు, మంకీ క్యాపు, మాస్కు వేసుకున్న మనిషి బయటికి వస్తాడు. చేతిలో గొలుసు, దాని చివర కుక్క. ఆఫీసుకు బయల్దేరేలోపు దాని అరగంట నడక పూర్తి కావాలి. రాత్రి కురిసిన జల్లుకు పార్కులో బాటంతా బురద. ఎదురుగా ఉన్న చెట్టు కూడా పొగమంచులో సరిగా కనిపించదు. మనిషి తన జాగ్రత్తలు తాను తీసుకున్నాడు. కుక్కకు మాత్రం రోజూ ఉన్న బొచ్చే ఉంది, రోజూ పీల్చే గాలే ఉంది.

ఈ నడక మానేస్తే సరిపోతుందా? అదీ కుదరదు. వ్యాయామం లేని కుక్క బరువు పెరుగుతుంది. వయసు మళ్లినదైతే కీళ్లు బిగుసుకుంటాయి. శక్తి ఖర్చయ్యే దారి లేక చెప్పులు, సోఫాలు కొరకడం, ఊరికే మొరగడం మొదలుపెడుతుంది. ఉత్తర భారతంలో ఈ చలి ఒకటి రెండు రోజులది కాదు, దాదాపు రెండు నెలలు ఉంటుంది. అన్నాళ్లూ కుక్కను ఇంట్లో కట్టేయలేం.

ఢిల్లీ చలికాలం కుక్క మీద మూడు భారాలు మోపుతుంది. ఒకటి చలి, రెండోది తడి, మూడోది పొగ. ఈ మూడూ ఒకేసారి తీవ్రంగా ఉండే వేళ తెల్లవారుజాము. చాలామంది కుక్కను నడిపించేది కూడా సరిగ్గా అప్పుడే. నడక వేళ మార్చి, కుక్కను పొడిగా ఉంచగలిగితే సమస్య చాలావరకు తీరుతుంది. అదెలాగో అర్థం కావాలంటే కాస్త భౌతికశాస్త్రం, కాస్త శరీరశాస్త్రం తెలియాలి.

ఢిల్లీలో చలి ఎంత?

మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువకు పడిపోతే భారత వాతావరణ శాఖ దాన్ని శీతగాలిగా పరిగణిస్తుంది. కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువగా ఉండి, అది మామూలు కంటే 4.5 డిగ్రీలు లేదా ఇంకా ఎక్కువగా తగ్గినా శీతగాలే. 2021 జనవరి 1న సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 1.1 డిగ్రీలు నమోదైంది. పగలు కూడా ఎండ రాని రోజులుంటాయి. 2019 డిసెంబరు 30న అక్కడ గరిష్ఠ ఉష్ణోగ్రతే 9.4 డిగ్రీలు దాటలేదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో డిసెంబరు నెలలో అంత చల్లటి పగలు అంతకుముందు లేదు.

దీనికి వాన తోడవుతుంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు చలికాలంలో ఉత్తర భారతానికి జల్లులు తెస్తాయి. 2022 జనవరిలో ఢిల్లీలో 88.2 మిల్లీమీటర్ల వర్షం పడింది. 1901 తర్వాత జనవరి నెలకు అదే రికార్డు. 2024 డిసెంబరు చివర్లో ఒక్క రోజులోనే 41.2 మిల్లీమీటర్లు కురిసింది. ఎండ బలహీనంగా, గాలి తేమగా ఉండే రోజుల్లో ఇలా తడిసిన మట్టి త్వరగా ఆరదు. పార్కుల్లో, తవ్వి వదిలేసిన రోడ్ల పక్కన బురద రోజుల తరబడి అలాగే ఉంటుంది.

బొచ్చు లోపలి గాలే దుప్పటి

ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీర ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల మధ్య ఉంటుంది. మనకంటే ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ. బయట 5 డిగ్రీలుంటే లోపలికీ బయటికీ తేడా 34 డిగ్రీలు. ఆ తేడా వల్ల వేడి ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. పోయినంత వేడిని శరీరం తిండి నుంచి తయారు చేసుకోవాలి.

ఈ నష్టాన్ని తగ్గించేది బొచ్చు. నిజానికి వెచ్చదనం ఇచ్చేవి వెంట్రుకలు కాదు, వాటి మధ్య కదలకుండా నిలిచిపోయిన గాలి. గాలి చాలా బలహీనమైన ఉష్ణవాహకం. బొచ్చు ఎంత దట్టంగా ఉంటే అంత మందమైన గాలి పొర చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. సైబీరియన్ హస్కీలాంటి జాతులకు పైన పొడవాటి వెంట్రుకలు, వాటి కింద మెత్తటి నూగు, ఇలా రెండు పొరలుంటాయి. మన దేశీ కుక్కలకు సాధారణంగా పొట్టి బొచ్చు ఉంటుంది. ఎండకు అది అనుకూలం, చలికి అంత కాదు.

శరీర పరిమాణం కూడా ముఖ్యమే. వేడి తయారయ్యేది శరీరం మొత్తంలో, పోయేది ఉపరితలం నుంచి. ఆకారం ఒకేలా ఉందనుకుంటే, 30 కిలోల కుక్కతో పోల్చినప్పుడు 3 కిలోల కుక్కకు ప్రతి కిలో బరువుకూ ఉపరితలం రెండు రెట్లకు పైగా ఉంటుంది. అందుకే ఒకే పార్కులో ఒకే వేళ లాబ్రడార్ హుషారుగా తిరుగుతుంటే చివావా వణుకుతూ కాళ్ల దగ్గర ముడుచుకుంటుంది. కుక్కపిల్లలు, ముసలి కుక్కలు, సన్నగా ఉన్నవి, జబ్బు పడి లేచినవి కూడా త్వరగా వేడి కోల్పోతాయి.

తడిస్తే ఏమవుతుంది?

బొచ్చులోకి నీరు చేరితే లెక్క మొత్తం మారిపోతుంది. గాలి ఉన్న చోట నీరు వచ్చి కూర్చుంటుంది. నీటి ఉష్ణవాహకత గాలి కంటే సుమారు 24 రెట్లు ఎక్కువ. 1950లో పెర్ షోలాండర్ బృందం ఆర్కిటిక్, ఉష్ణమండల జంతువుల శరీర రక్షణను కొలిచి పోల్చింది. పొడిగా ఉన్నప్పుడు అద్భుతంగా వేడిని ఆపే ధ్రువపు ఎలుగుబంటి చర్మం కూడా మంచునీటిలో ముంచితే ఆ శక్తిని చాలావరకు కోల్పోయిందని ఆ పరిశోధనలో తేలింది. ధ్రువపు ఎలుగుకే అలా అయితే పొట్టి బొచ్చు కుక్క సంగతి చెప్పనక్కర్లేదు.

రెండో నష్టం ఆవిరి కావడం వల్ల. తడి ఆరాలంటే వేడి కావాలి. ఒక కిలో నీరు చర్మం దగ్గరి ఉష్ణోగ్రతలో ఆవిరి కావడానికి సుమారు 580 కిలో క్యాలరీలు పడతాయి. 25 కిలోల కుక్క బొచ్చులో అర కిలో నీరు నిలిచిందనుకుందాం. అది ఆరడానికి 290 కిలో క్యాలరీలు కావాలి. అంత బరువున్న కుక్క రోజు మొత్తం తినే తిండి నుంచి వచ్చే శక్తి సుమారు 1,250 కిలో క్యాలరీలు. కొంత వేడి చుట్టూ ఉన్న గాలి నుంచి వచ్చినా, ఎక్కువ భాగం కుక్క శరీరమే భరించాల్సి వస్తే రోజు తిండిలో ఐదో వంతు ఊరికే ఆరడానికే పోతుంది.

అందుకే ప్రకృతి కుక్కకు ఒక విద్య నేర్పింది. తడిసిన వెంటనే ఒళ్లంతా విదిలించుకుంటుంది. అమెరికాలోని జార్జియా టెక్‌కు చెందిన డేవిడ్ హూ, ఆండ్రూ డికర్‌సన్ తదితరులు వేగవంతమైన కెమెరాలతో దీన్ని పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఎలుక లాంటి చిన్న ప్రాణి సెకనుకు 30 సార్లు విదిలిస్తే, లాబ్రడార్ లాంటి కుక్క నాలుగైదు సార్లు విదిలిస్తుంది. వెన్నెముక ఒక్కో పక్కకు 30 డిగ్రీలు తిరిగితే, దాని మీద వదులుగా ఉన్న చర్మం 90 డిగ్రీల దాకా ఊగుతుంది. ఆ ఊపుకు నీటిబొట్లు ఎగిరిపోతాయి. కొద్ది సెకన్లలోనే బొచ్చులోని నీటిలో ఎక్కువ భాగం పోతుంది.

దీన్నుంచి ఒక ఆచరణాత్మకమైన పాఠం ఉంది. కుక్కకు తొడిగిన స్వెటరు తడిసిపోతే కుక్క విదిలించుకోలేదు. చర్మం ఊగదు, నీరు ఎగరదు. పైగా తడి ఉన్ని ఒంటికి అతుక్కుని చలిని ఇంకా పెంచుతుంది. కాబట్టి స్వెటరు పొడి చలికి మాత్రమే. జల్లు పడుతుంటే నీరు లోపలికి దిగని పైకోటు కావాలి. ఇంటికి రాగానే దాన్ని తీసేయాలి.

బురద సంగతి వేరు

మామూలు నీటిని కుక్క విదిలించుకోగలదు. బురదను అంత సులభంగా వదిలించుకోలేదు. యమునా మైదానపు ఒండ్రు మట్టిలో చాలా సన్నని రేణువులుంటాయి. అవి నీటిని పట్టుకుని బొచ్చుకు, ముఖ్యంగా పొట్ట కింద, కాళ్ల మీద, వేళ్ల సందుల్లో అతుక్కుంటాయి. పొట్ట మీద బొచ్చు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ తడి నేరుగా చర్మానికి తగులుతుంది. పొగమంచు రోజున గాలిలో తేమ దాదాపు 100 శాతం ఉంటుంది. ఆ తడి గంటల తరబడి ఆరదు. వేళ్ల మధ్య చెమ్మ నిలిస్తే బ్యాక్టీరియా, ఈస్టు పెరిగి దురద, ఎరుపు, దుర్వాసన మొదలవుతాయి. కుక్క పాదాలను అదేపనిగా నాకుతోందంటే మొదట చూడాల్సింది అక్కడే.

బురద గుంటల్లోని నీరు తాగనివ్వకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ వ్యాపిస్తుంది. ఇది మనుషులకూ సోకే జబ్బు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. డిస్టెంపర్ వైరస్ వేడికి త్వరగా నశిస్తుంది గానీ చలిలో ఎక్కువసేపు నిలుస్తుంది. టీకాలు పూర్తికాని పిల్లలను చలికాలంలో పది కుక్కలు తిరిగే బురద నేల మీదికి దించకపోవడమే మంచిది.

చల్లటి నేల మీద పాదాలు ఎందుకు గడ్డకట్టవు?

చాలామందికి వచ్చే సందేహం ఇది. చెప్పులు లేకుండా మనం నిలబడలేని నేల మీద కుక్క హాయిగా నడుస్తుంది. జపాన్‌లోని యమజాకి గకుయెన్ విశ్వవిద్యాలయానికి చెందిన హిరోయోషి నినోమియా బృందం 2011లో దీనికి కారణం చూపించింది. కుక్క పాదపు మెత్తల్లో వేడి రక్తాన్ని తెచ్చే ధమనుల చుట్టూ, చల్లబడిన రక్తాన్ని తిరిగి తీసుకెళ్లే సన్నని సిరలు వలలా అల్లుకుని ఉంటాయి. కిందికి దిగే రక్తంలోని వేడి పైకి వెళ్లే రక్తానికి అక్కడే అందుతుంది. దీంతో పాదం చల్లగా ఉన్నా శరీరంలోకి చల్లటి రక్తం చేరదు. పెంగ్విన్ కాళ్లలో ఉన్న ఏర్పాటు కూడా ఇలాంటిదే.

కాబట్టి ఢిల్లీ చలికి పెద్ద కుక్కకు బూట్లు తప్పనిసరి కాదు. ఈ ఏర్పాటు చలి నుంచి కాపాడుతుంది గానీ బురదలోని గాజుముక్క, మేకు, చెమ్మ నుంచి కాపాడదు. బూట్లు వేస్తే అవి పొడిగా ఉండాలి. తడిసిన బూటు వేళ్ల సందున చెమ్మను మరింతసేపు నిలుపుతుంది.

తెల్లవారుజామున గాలికి మూత

ఆదిలాబాద్‌లో, లంబసింగిలో కూడా గట్టి చలి ఉంటుంది, పొగమంచు ఉంటుంది. వాటికి లేనిదీ, ఢిల్లీకి ఉన్నదీ మంచులో కలిసిన పొగ. ఆకాశం నిర్మలంగా, గాలి మందంగా ఉన్న చలికాలపు రాత్రి నేల తన వేడిని వేగంగా పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడుతుంది. దానికి పైనున్న గాలి అంతకంటే వెచ్చగా ఉంటుంది. మామూలుగా కింది గాలి వేడెక్కి పైకి లేవాలి. ఇక్కడ చల్లటి బరువైన గాలి కింద, తేలికైన వెచ్చటి గాలి పైన ఉండటంతో ఆ కదలిక ఆగిపోతుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, రోడ్డు దుమ్ము అన్నీ ఈ మూత కింద చిక్కుకుంటాయి. మధ్యాహ్నం ఎండ కాసినప్పుడు కిలోమీటరు ఎత్తు దాకా కలిసిపోయే గాలి, రాత్రి వేళ కొన్ని వందల మీటర్లకో అంతకంటే తక్కువకో కుంచించుకుపోతుంది.

ఆ రేణువుల మీదే నీటి ఆవిరి చేరి మంచుబిందువులవుతాయి. ఈ ప్రక్రియను అర్థం చేసుకోవడానికి భూవిజ్ఞాన శాఖ, పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ 2015 చలికాలం నుంచి ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయంలో ‘విఫెక్స్’ పేరుతో పొగమంచు ప్రయోగం నడిపాయి.

కుక్కకు ఇది ఎందుకు ముఖ్యం? కుక్క ఊపిరితిత్తులకు మనకంటే ప్రత్యేక రక్షణ ఏమీ లేదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ముక్కుతో నెమ్మదిగా పీలుస్తుంది. పరుగెత్తాక నోరు తెరిచి వగరుస్తుంది. అప్పుడు లోపలికి వెళ్లే గాలి ముక్కులోని వడపోతను దాటేస్తుంది. 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే చిన్న రేణువులు నేరుగా ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. మన దేశ ప్రమాణం ప్రకారం గాలిలో ఈ రేణువుల 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించకూడదు. ఢిల్లీ చలికాలంలో ఇది అనేక రెట్లు దాటే రోజులు ఏటా వస్తాయి.

మెక్సికో సిటీలో లిలియన్ కాల్డెరోన్ గార్సిడ్యుయెన్యాస్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం దీనికి ముందుహెచ్చరిక లాంటిది. కాలుష్యం ఎక్కువగా ఉన్న ఆ నగరపు కుక్కలను, తక్కువగా ఉన్న త్లాస్కాలా ప్రాంతపు కుక్కలతో పోల్చి చూశారు. నగరపు కుక్కల ముక్కులోనూ, మెదడులోనూ వాపు, కణజాల నష్టం చిన్న వయసులోనే కనిపించాయి. పగ్, బుల్‌డాగ్ లాంటి చట్టిముక్కు జాతులకు శ్వాసమార్గం పుట్టుకతోనే ఇరుకు. వాటికి పొగ రోజున పరుగు మరింత ప్రమాదం.

మరి ఎప్పుడు నడిపించాలి?

ఢిల్లీలో డిసెంబరు నెలాఖరులో సూర్యుడు ఉదయం 7 దాటాకే ఉదయిస్తాడు. మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశంలో 38 డిగ్రీల ఎత్తుకే చేరతాడు. ఆ ఏటవాలు ఎండకు నేల వేడెక్కి, గాలి మూత తొలగడానికి సమయం పడుతుంది. అందువల్ల కాలుష్యం సాధారణంగా మధ్యాహ్నం తర్వాత తగ్గి, సూర్యాస్తమయం దాటాక మళ్లీ పెరుగుతుంది. మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్య నడక అన్నివిధాలా మేలు. గాలి కాస్త శుభ్రంగా ఉంటుంది, ఎండ ఉంటుంది, మట్టి కొంత ఆరి ఉంటుంది.

ఆఫీసుకు వెళ్లేవారికి ఇది కష్టమే. వారు చేయగలిగిందేమిటంటే నడకను రెండుగా విడదీయడం. ఉదయం, రాత్రి మల మూత్రాల కోసం ఐదు పది నిమిషాలు సిమెంటు బాట మీద నెమ్మదిగా తిప్పి తీసుకురావాలి. పరుగు, బంతాట మాత్రం సెలవు రోజు మధ్యాహ్నాలకో, పగలు ఇంట్లో ఉండే వారికో వదిలిపెట్టాలి. ఇంట్లో పెద్దలుంటే ఎండ కాచుకోవడానికి వాళ్లు కిందికి దిగే వేళే కుక్కకూ మంచి వేళ.

కుక్కలకంటూ ప్రత్యేక వాయు సూచీ లేదు. మనుషుల సూచీనే వాడుకోవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో దగ్గరలోని కేంద్రపు అంకె చూసి బయల్దేరడం మంచి అలవాటు. సూచీ 200 దాటితే పరుగు తగ్గించాలి. 300 దాటితే నెమ్మది నడక చాలు. 400 దాటిన రోజు మల మూత్రాలకు తప్ప బయటికి తీసుకెళ్లకపోవడమే మేలు. ఇక చలి విషయానికొస్తే, 7 డిగ్రీల కంటే తగ్గితే పొట్టి బొచ్చున్న చిన్న కుక్కలకు ఇబ్బంది మొదలవుతుందన్నది స్థూలమైన లెక్క. కుక్క కాలు ఎత్తి పట్టుకుంటున్నా, ఇంటివైపు లాగుతున్నా ఆ రోజుకు అంతే అని అర్థం.

బయట తగ్గిన వ్యాయామాన్ని ఇంట్లో పూడ్చవచ్చు. బిస్కట్లో, దాని తిండి గింజలో గదుల్లో అక్కడక్కడా దాచి వెతికించడం, పాత తువ్వాలులో చుట్టి విప్పించడం, వరండాలో తాడు లాగుడు, ఐదైదు నిమిషాలు కొత్త మాటలు నేర్పడం వంటివి చేయవచ్చు. వాసన పట్టే పని కుక్కను బాగా నిమగ్నం చేస్తుంది. నున్నటి టైల్స్ మీద మాత్రం పరుగెత్తించకూడదు. జారితే కీళ్లు దెబ్బతింటాయి.

ఇంటికొచ్చాక పది నిమిషాలు

నడక అక్కడితో అయిపోదు. గుమ్మం దగ్గర ఒక పాత తువ్వాలు, గోరువెచ్చటి నీళ్ల మగ్గు ఉంచుకుంటే చాలు. పాదాలు, పొట్ట కింద భాగం కడిగి, వేళ్ల సందులు విడదీసి పొడిగా తుడవాలి. బొచ్చును రుద్దకుండా అద్దితే నీరు ఎక్కువగా పీలుస్తుంది, చిక్కులు పడవు. ఒంటి మీద ఎండిన బురదను మాత్రం దువ్వెనతో రాల్చితే సరిపోతుంది. ప్రతిసారీ పూర్తి స్నానం అక్కర్లేదు. తరచుగా షాంపూ వాడితే చర్మం మీది సహజ నూనె పోయి చర్మం పొడిబారుతుంది. మనుషుల షాంపూ అసలే వద్దు, కుక్క చర్మపు స్వభావం వేరు. స్నానం చేయించాల్సి వస్తే మధ్యాహ్నం చేయించి, పూర్తిగా ఆరాకే బయటికి వదలాలి.

చలికాలమని హస్కీ, జర్మన్ షెపర్డ్ బొచ్చు కత్తిరించకుండా వదిలేయడం సరైనదే. కానీ రోజూ దువ్వాలి. చిక్కుపడి ఉండకట్టిన బొచ్చులో గాలి నిలవదు, చెమ్మ నిలుస్తుంది.

పడుకునే చోటు నేలకు కాస్త ఎత్తుగా ఉండాలి. గది వెచ్చదనం కోసం బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయడం మనుషులకూ కుక్కకూ ప్రాణాంతకం. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.

వణుకు ఆగితే సంతోషించకూడదు

వణుకు అంటే కండరాలు వేడి పుట్టించే ప్రయత్నం. అది మొదటి హెచ్చరిక. ఆ తర్వాత కుక్క మందకొడిగా మారి, తడబడుతూ నడిచి, చిగుళ్లు పాలిపోయి, వణుకు కూడా ఆగిపోతే శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోయినట్టు. అప్పుడు వెంటనే తుడిచి, పొడి దుప్పటిలో చుట్టాలి. గోరువెచ్చటి నీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి ఒంటి పక్కన పెట్టి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. వేడి నీళ్లు పోయడం, హీటరుకు ఆనించడం చేయకూడదు. చలికి మొద్దుబారిన చర్మం కాలినా కుక్కకు తెలియదు. ఆగని దగ్గు, నోరు తెరిచి ఎగశ్వాస, నాలుక నీలంగా మారడం పొగ వల్ల వచ్చే ప్రమాద సంకేతాలు.

గేటు బయట ఉన్నవాటి సంగతి

పెంపుడు కుక్కకు తువ్వాలు ఉంది, గుమ్మం ఉంది. వీధిలో ఉన్నవాటికి అవేవీ లేవు. మన దేశంలో వీధి కుక్కలు ఎక్కువగా ఈనేది చలికాలంలోనే. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధకులు పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతలకు చెందిన 364 పిల్లలను గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పునరుత్పత్తి వయసు దాకా బతికినవి 19 శాతమే. మరణాల్లో ఎక్కువ వాటికి మనుషులే ఏదో ఒక విధంగా కారణం. పుట్టిన తొలిరోజుల్లో పిల్లలకు వణికే శక్తి కూడా ఉండదు. తల్లి ఒడి, పొడి నేల, ఈ రెండే వాటి వెచ్చదనం.

చాలా కాలనీల్లో జనం గోనె సంచులు పరుస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ గోనె మంచుకు తడిసి చెమ్మ పట్టుకుంటుంది. వాన పడని మూలలో, ఇటుకల మీద చెక్క వేసి, దాని మీద ఎండు వరిగడ్డి పరిస్తే మేలు. గడ్డిపరకల లోపల, మధ్యన గాలి నిలుస్తుంది. కుక్క దానిలోకి దూరి చుట్ట చుట్టుకోగలదు. తడిసిన గడ్డిని మార్చడం సులభం. తిండి పెట్టేవారు 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కాలనీలో నిర్ణయించిన చోటనే పెట్టాలి. ఉదయం కారు స్టార్ట్ చేసేముందు బానెట్‌ను ఒకసారి తట్టి, కిందికి వంగి చూడటం మరో చిన్న పని. ఇంజిను వేడికి పిల్లలు అక్కడే పడుకుంటాయి.

చలిని మనం తగ్గించలేం, ఢిల్లీ గాలిని ఒక్క రాత్రిలో శుభ్రం చేయలేం. నడక వేళ, పొడి తువ్వాలు, ఎండు పడక మాత్రం ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉన్నాయి. రేపు ఉదయం ఆరింటికి గొలుసు చేతికి తీసుకునేముందు ఒకసారి కిటికీలోంచి బయటికి చూడండి. ఎదురుగా ఉన్న చెట్టు కనిపించకపోతే, గేటు దాకా ఐదు నిమిషాలు తిప్పి తీసుకురావడం చాలు. మిగతా నడక మధ్యాహ్నం ఎండలో పూర్తి చేసుకోవచ్చు.